రెండో బిళ్ళ

పాలకేంద్రంలో పాలు పోసి ఖాళీ క్యాను ఊపుకుంటూ వస్తున్న వెంకటలక్ష్మమ్మకు దారి మలుపులోనే కళ్ళు జిగేల్‌మన్నాయి. కొడుకు దానిమ్మ తోటలో చెట్టు చెట్టుకూ ఏదో వేలాడుతూ, గాలికి గిరగిరా తిరుగుతూ ఎండను నాలుగు దిక్కులకూ విసురుతోంది. కొత్త రేకు ముక్కలేమో అనుకుంది. కంచె తొలగించుకుని లోపలికి పోయి, ఒక కొమ్మ దగ్గర నిలబడి, తిరుగుతున్నదాన్ని రెండు వేళ్ళతో పట్టి ఆపింది. వెనక్కి తిప్పి చూసింది.

ఎండ్రకాయ. వంతెనను కట్టెపుల్లలా విరుస్తున్న ఎండ్రకాయ బొమ్మ. దాని కింద, సగం చెరిగిన అక్షరాల్లో, 'మొదటి భాగం'.

 పక్క చెట్టుకు పోయింది. అక్కడ తేలు. ఆ పక్కన, రెక్క విప్పితే ఊరంతా నీడలో పడే గబ్బిలం.  చెట్టు చెట్టునూ చూసుకుంటూ, వెతుకుతున్నదేదో దొరక్కూడదని దేవుణ్ణి వేడుకుంటూ పోయింది. సాలు చివర అది కూడా దొరికింది. ఆనకట్ట గోడ మీద గడ్డం ఆనించి చూస్తున్న ఉడుము.

"అత్తా, ఆ కొమ్మ వంచద్దు. కాయ రాలుతాది" అంది కోడలు హేమ. ఆమె ఇంకో చెట్టు దగ్గర పురికొసతో ముడి వేస్తోంది.

"ఇవి యాడివే?"

"అటక మీద రేకు పెట్టెలోటివే. చిలకలు కాయకొక పోటు పొడిచి పోతాండాయి. తిప్పేషన్న తోటలో సీడీలు కట్టినారంట, ఒక్క చిలక గూడా వాలల్యా అంట. మనింట్లో ఇన్నుండాయి గదా అని."

"నన్ను ఒక మాట అడగల్యా నువ్వు."

"అడగాల్నా? సగం సినిమాలు అత్తా అవి. అన్నీ మొదటి భాగాలే. నేను చూసినా. సగం సినిమా పెట్టుకోని ఏం చేస్తావు?"

 వెంకటలక్ష్మమ్మ పురికొసను తెంపకుండా, ముడిని గోటితో లాగుతూ, రాకపోతే పంటితో లాగుతూ ఉడుమును విప్పుకుంది. కొంగుతో తుడిచింది. తళతళలాడే వైపు గీతలు పడ్డాయేమోనని ఎండకు అడ్డంగా పట్టుకుని చూసింది. తర్వాత ఎండ్రకాయ దగ్గరికి పోయింది.

హేమ కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మా అత్తకు భక్తి సినిమాలంటే ఇష్టమని నేను మా ఊర్లో చెప్పుకుంటాండా. ఈ తేళ్ళు, ఎండ్రకాయలని ఎట్ల చెప్పేది?"

"ఉన్నది ఉన్నట్ల చెప్పు."

హేమ నవ్వి, తను కట్టిన ముడులు తనే విప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు అంది: "చిన్నత్తోళ్ళు పోతాండారంట గదా. భూమి సోలారోళ్ళకు కౌలుకిచ్చేసినారంట. తనకల్లులో చిన్నత్త పుట్టింటి పక్కనే ఇల్లు చూసుకున్నారంట. ఆదివారం లారీ వస్తాదంట."

వెంకటలక్ష్మమ్మ పళ్ళ మధ్య పురికొస అట్లే ఉండిపోయింది.

*

చిన్నత్త అంటే ప్రసూన. వెంకటలక్ష్మమ్మ మరిది సురేంద్ర భార్య. వీధికి ఆ చివర ఇల్లు. వాకిట్లో నిలబడి పిలిస్తే వినపడేంత దూరం. భాగాలు పంచుకున్న నాటి నుంచి ఎవరూ పిలవలేదు.

"అత్తా, ఇవి సగాలెందుకైనాయి?" అని ఆ మధ్యాహ్నం హేమ అడిగింది. అత్తాకోడళ్ళు పంచలో కూర్చుని విత్తనం వేరుశనగ ఒలుస్తున్నారు. కాయ మూతిని నేలకు ఒత్తితే టప్‌మని విచ్చుకుంటుంది. పప్పు ఒక చేటలో, పొట్టు ఒక పక్కకు. వెంకటలక్ష్మమ్మ చేతులు చూడకుండానే ఆ పని చేస్తాయి. సీడీ బిళ్ళలన్నీ కడిగి, ఒక పాత పంచె పరిచి, ఆరబెట్టి ఉన్నాయి.

"భాగాలు పంచే దినం ముత్యాలప్పను పెద్దమనిషిగా కూచోబెట్టినారు" అంది ఆమె. "బాగా న్యాయస్తుడు. ఎద్దులు రెండుంటే తలా ఒకటి. గంగాళాలు రెండుంటే తలా ఒకటి. టీవీ మాకొచ్చింది, ప్లేయరు వాళ్ళకు పోయింది. ఆమైన, అన్నీ పంచినంక, ఈ పెట్టె తెరిచినాడు. ఒక్కో డబ్బీలో రెండేసి బిళ్ళలుండాయి. 'సరిపోయింది, జతలే ఉండాయి, తగవు లేదు' అని ఇట్లొకటి అట్లొకటి పెట్టుకుంటా పోయినాడు."

హేమ చేతిలో కాయ ఆగిపోయింది. "ఒకే సినిమా రెండు ముక్కలని చెప్పకూడదా?"

"అంతమంది మొగోళ్ళు కూచోనుంటే మేము నోరు తెరిచేదా? అదీ ఎద్దుల మాట, బోరు మాట నడిచేటప్పుడు సినిమాల మాట ఎత్తితే ఏమనుకుంటారు? మీ చిన్నత్తకు నగువొచ్చింది. నోట్లో కొంగు కుక్కుకోని నా చెవులో అనింది, 'పోనీలే అక్కా, రేపు మార్చుకుందాంలే' అని."

"మార్చుకోల్యా?"

"రేపటికి మాటల్ల్యా."

హేమ నవ్వబోయి, అత్త ముఖం చూసి మానుకుంది.

వెంకటలక్ష్మమ్మ పంచె మీది బిళ్ళలను చూస్తూ ఒలుస్తోంది. ఒకప్పుడు ఈ పంచలోనే, విత్తనం ఒలిచే దినాల్లో, టీవీని గడప మీదికి జరిపి ప్రసూనా తనూ ఎదురుగా కూర్చునేవాళ్ళు. కళ్యాణదుర్గం బస్టాండు పక్క అంగట్లో ప్రసూన ఏరి ఏరి తెచ్చేది. ఏడుపు సినిమాలు వద్దు, పగ సినిమాలు వద్దు. కొండంత జంతువు ఉండాలి. డబ్బీ అట్ట మీది అక్షరాలను వేలు పెట్టి చదివించేది. వెంకటలక్ష్మమ్మ బడి మొఖం చూడలేదు. ఆమె కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'రాక్షస'. రెండోది 'భాగం'.

ఆ సినిమాల్లో ఎప్పుడూ వాన కురిసేది. జంతువు వచ్చిందంటే వానే. సముద్రంలోంచి లేస్తే దాని వీపు మీది నుంచి ఏర్లు ఏర్లుగా నీళ్ళు జారేవి. ప్రసూన అక్కడ సినిమాను నిలబెట్టేది. "అక్కా, ఎన్ని నీళ్ళో చూడు" అనేది. ఇద్దరూ చేతిలో కాయలు పట్టుకుని, టీవీలో ఆగిపోయిన నీళ్ళను కడుపు నిండా చూసేవాళ్ళు. బయట ఎండకు రాయి పగిలేది. మొదటి బిళ్ళ అయిపోయి తెర నీలంగా మారితే, రెండోది పెట్టే ముందు పొయ్యి మీద టీనీళ్ళు పడేవి. ఆ సందులోనే అసలు మాటలు. ఇప్పుడేమవుతుంది, జంతువు చస్తుందా పోతుందా అని. వెంకటలక్ష్మమ్మకు ప్రతిసారీ భయమే, చస్తుందని. ప్రసూన మాత్రం, "పోతుందక్కా. ఇంటికి పోతుంది. ఇంత పెద్దదాన్ని చంపేది యాడైతాది" అనేది.

ప్రసూన చివరగా తెచ్చింది ఉడుము సినిమా. కొండ పగలగొట్టుకుని వచ్చిన ఉడుము ఊర్లన్నీ దాటుకుంటూ వచ్చి, పెద్ద ఆనకట్ట గోడ మీద గడ్డం పెట్టి నిలబడింది. అవతల కనుచూపుమేర నీళ్ళు. చుట్టూ సైన్యం. అక్కడ తెర నీలమైంది. గోడ పగలగొడుతుందని వెంకటలక్ష్మమ్మ. "ల్యా అక్కా, దానికి దప్పికయింది, అంతే" అని ప్రసూన. లేచి ప్లేయరు మూత తెరిచింది. అప్పుడే బయట అన్నదమ్ముల గొంతులు లేచాయి. బోరు దగ్గర మొదలైన కేకలు వాకిట్లోకి వచ్చాయి. తెరిచిన మూత ఎవరు మూశారో వెంకటలక్ష్మమ్మకు గుర్తు లేదు.

*

సాయంత్రం కొడుకు ప్రవీణ్ తోట నుంచి వచ్చి, చెట్లకు కట్టిన సీడీలు ఏవని అడిగి, భార్య చెప్పింది విని, తల్లి పక్కన చతికిలబడ్డాడు.

"ఏమ్మా, దీనికి ఇంత రభస చేయాల్నా? ఇప్పుడు ఫోన్లో దొరకని సినిమా ఉండాదా? ఏం జంతువు, చెప్పు."

"ఉడుము."

అతను వెతికాడు. రెండు మూడు బల్లులను, ఒక మొసలిని దాటుకుని పోయి, "ఇదేనా?" అని ఫోను ఆమె చేతికిచ్చాడు. ఇదే. కొండ పగులుతోంది. కానీ గొంతులు వేరే. సైన్యం పెద్ద ఏదో భాషలో అరుస్తున్నాడు. తమ తెలుగు బిళ్ళలో అతనికి బొంగురు గొంతు. మాటకు ముందు ప్రతిసారీ దగ్గేవాడు. ప్రసూన అతనిలా దగ్గి, "గురి చూసి కొట్టండి" అంటే వెంకటలక్ష్మమ్మకు నవ్వాగేది కాదు.

"మనది కాదురా ఇది."

"సినిమా అదే గదమ్మా. మాటలెందుకు నీకు? కొసన ఏమవుతాదో నీకు తెలియాల, అంతే గదా. ఉండు, కొసకు తోస్తా." అతను వేలు పెట్టి జరిపాడు. ఆనకట్ట వచ్చింది. గోడ మీద గడ్డం. వాన.

వెంకటలక్ష్మమ్మ అరచేతిని ఫోను అద్దం మీద పరిచింది. ఆమె చేయి తగిలి సినిమా ఆగిపోయి, ఏదో దుప్పట్ల వ్యాపార ప్రకటన పాట అందుకుంది.

"ఏమైందమ్మా?"

"వద్దులే నాయనా. చాలు."

ఎందుకు వద్దందో ఆమెకే తెలియలేదు. ప్రసూనకు ఆ కొస ఇన్నేళ్ళుగా తెలుసు. ప్లేయరు ఆమె దగ్గరే ఉంది. తర్వాత టీవీ కొనుక్కున్నారు కూడా. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా, ఒకే కంచంలో తింటూ ఉంటే తనను మధ్యలో లేపేసినట్టు ఉండేది వెంకటలక్ష్మమ్మకు. ఇప్పుడు ఆ కంచాన్నే తీసుకుని పోతున్నారు.

*

మర్నాడు పాలకేంద్రం దగ్గర ప్రసూన కనబడింది. పాలు తేలేదు. ఆవులను అమ్మేశారు. పాలకేంద్రం ఐజాక్ దగ్గర తన కార్డు ఇచ్చేసి పోవడానికి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. పక్క పక్కనే నిలబడ్డారు, ముఖాలు చెరో వైపు పెట్టుకుని.

"ఏంది, పోతాండారంట గదక్కా" అన్నాడు ఐజాక్ పాలలో గొట్టం ముంచుతూ.

"పోతాండాం ఐజాకూ. ఆదివారం లారీ." ప్రసూన ఐజాక్ ముఖం వైపే చూస్తూ, కొంచెం గట్టిగా అంది: "ఆ లోపల ఎవరన్నా రావల్లనుకుంటే ఇంటికాడే ఉంటా."

ఐజాక్ అయోమయంగా, "నాకేం పనుంటాదక్కా మీ ఇంటికాడ" అన్నాడు.

వెంకటలక్ష్మమ్మ క్యాను మూత బిగిస్తూ, ఐజాక్‌తోనే అంది: "ఇంటికాడ మొగోళ్ళుంటే ఎవరొస్తారు ఐజాకూ?"

"మొగోళ్ళుంటే ఏం కరుస్తారా, అడుగు ఐజాకూ."

"వచ్చినోళ్ళు రెండో బిళ్ళలు అడుగుతారేమో, ఇస్తారా అని అడుగు."

 ఐజాక్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అమ్మా, మీరిద్దరూ ఒక్కింటి కోడళ్ళు. నడుమ నన్నెందుకు వాడుకుంటాండారు? నాకాడ పాలు విరిగిపోతాయి" అన్నాడు. క్యూలో ఆడవాళ్ళు నవ్వారు. ప్రసూన భుజాలు కూడా కదిలాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

*

శనివారం వెంకటలక్ష్మమ్మ బిళ్ళలన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టుకుంది. ఒకదానికొకటి రాసుకోకుండా మధ్య మధ్య పాత చీర ముక్కలు వేసింది. ఒక్కటే అనుకుంది మనసులో: రెండో బిళ్ళలు ఇస్తే సరే. ఇవ్వకపోతే తన మొదటివే ఆమెకు ఇచ్చేసి వస్తుంది. ఏదో ఒక ఇంట్లో అయినా ఒక సినిమా నిండుగా ఉంటుంది.

ఆమె భర్త బయ్యన్న వాకిట్లో రాయితో కొట్టి పారకు పిడి బిగిస్తున్నాడు. భార్య చేతిలోని సంచి చూశాడు. చెప్పులు చూశాడు.

"యాడికి?"

"ఆ ఇంటికి."

ఆయన రాయి పక్కన పెట్టాడు. "ఏం పని?"

"రేపు పోతాండారు."

"పోనీ. నా బోరు ఎండబెట్టి, నాలుగు పంటలు తిని, ఇప్పుడు సోలారు రేకులోళ్ళకిచ్చి పోతాండాడు. మనం పోయి సాగనంపాల్నా?"

"నువ్వు రావద్దు. నేను పోతాండా."

ఇన్నేళ్ళలో ఆమె అట్లా చెప్పడం ఇదే మొదటిసారి అని ఇద్దరికీ తెలుసు. బయ్యన్న రాయి తీసుకుని పిడి మీద రెండు దెబ్బలు కొట్టాడు. "నీళ్ళు గూడా తాగద్దు ఆ ఇంట్లో" అన్నాడు తల ఎత్తకుండా.

ప్రసూన ఇంట్లో గోడలు బోసిగా ఉన్నాయి. క్యాలెండర్లు తీసిన చోట తెల్లగా అచ్చులు. సురేంద్ర మంచానికి నులక విప్పి చుట్ట చుడుతున్నాడు. వదినను గడపలో చూసి లేచి నిలబడ్డాడు. నులక చుట్ట చేతిలోంచి జారి దొర్లింది.

"రా వదినా. బాగుండావా?"

"బాగుండాను నాయనా."

 ప్రసూన లోపలి నుంచి వచ్చింది. సంచి వైపు ఒకసారి చూసి, లోపలికి పోయి, మజ్జిగ తెచ్చి చేతికిచ్చింది. వెంకటలక్ష్మమ్మ గ్లాసును పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత ఎత్తి తాగింది. ఉప్పు, కొత్తిమీర, నలగ్గొట్టిన పచ్చిమిరపకాయ. చేయి మారలేదు.

మూలలో, పాత చీరలో చుట్టి కట్టిన మూట ఒకటి. దాని ఆకారం చూసి ప్లేయరని ఆమె పోల్చుకుంది.

"పని చేస్తాండాదా?"

"చేస్తాది. మూత మాత్రం చేత్తో వత్తి పట్టుకోవల్ల."

"మే ప్రసూనా, ఆ బిళ్ళలు..."

"అవునవును" అన్నాడు సురేంద్ర, చేయడానికి ఏదో పని దొరికినందుకు సంతోషపడుతూ. అటక కిందికి పోయి ఒక డబ్బా దించి, మూత తీసి, వదిన ముందు పెట్టాడు. అన్నీ రెండో భాగాలు. ఒక్కొక్కటి కాగితంలో చుట్టి ఉంది. "తీసుకోని పో వదినా. మాకేం పని వీటితో. మొత్తం పెట్టుకో."

వెంకటలక్ష్మమ్మ చేయి ముందుకు పోయింది. ప్రసూన వంగి డబ్బా మూత మూసేసింది.

"ఇయ్యను" అంది.

సురేంద్ర భార్య వైపు వింతగా చూశాడు. "అదేంది? వదిన ఇన్నేళ్ళకు మన గడపకొచ్చి అడుగుతాంటే..."

"నా భాగం. నాకిష్టమైతే ఇస్తా. ఇయ్యను."

 వెంకటలక్ష్మమ్మ మెల్లగా తన సంచి ముందుకు జరిపింది. "అయితే ఇవన్నా పెట్టుకో. నా కాడ ఉండి ఏం లాభం. మా కోడలు చిలకలకు కట్టింది."

"అవీ వద్దు."

వెంకటలక్ష్మమ్మ లేచింది.  ఎందుకు వచ్చానా అనుకుంది. బయ్యన్న మాట విని ఉంటే ఈ ఒక్కటీ వినకపోయేది. సంచి చంకన పెట్టుకుని గడప దాటి, వేపచెట్టు కింద చెప్పుల కోసం కాలితో తడుముకుంది. ఎండకు కళ్ళు కనిపించలేదు.

ప్రసూన వెనకాలే వచ్చింది. చెప్పులు వంగి తీసి, ఆమె కాళ్ళ ముందు పెట్టింది.

"ఆ ఉడుము నీళ్ళు తాగిందా? అదన్నా చెప్పు" అంది వెంకటలక్ష్మమ్మ.  "గోడ పగలగొట్టిందా, తాగి పోయిందా?"

"నాకేం తెలుసు."

"నీ కాడే గదా రెండోది ఉండేది."

"నేను చూల్లేదు." ప్రసూన చెప్పుల వైపే చూస్తోంది. "కట్టిన కాగితం విప్పల్యా. ఒక్కదాన్నే కూచోని ఏం చూసేది. పక్కన నువ్వు భయపడకుంటే ఆ సినిమాలు ఏం సినిమాలక్కా."

వీధిలో ఎవరో స్కూటరు మీద పోయారు. వెంకటలక్ష్మమ్మ ఒక చెప్పులో కాలు పెట్టింది.

"మరి ఇస్తే ఏం?"

"ఇస్తే నీ ఇంట్లో పెట్టుకోని చూసేస్తావు. నీవి తీసుకుంటే నా ఇంట్లో నేను చూసేస్తా. ఆమైన ఇంగ నువ్వు తనకల్లుకు యాల వస్తావు?" ప్రసూన తల ఎత్తింది. "మొదటిది నీ కాడ ఉండనీ. రెండోది నాకాడ ఉంటాది. ప్లేయరుంది, టీవీ ఉంది. ఎత్తుకోని రా. వచ్చేటప్పుడు విత్తనంకాయ గూడా తీసుకురా, చేతులూరికే ఉండవు గదా."

 "నేను కళ్యాణదుర్గం దాటి ఒక్కదాన్నే యాడికి పోయినా మే?" అంది వెంకటలక్ష్మమ్మ.

"అంత పొడుగు ఉడుము అంత దూరం వచ్చింది గదా, ఎవర్నడిగి వచ్చింది?" అని, ప్రసూన ఆ సైన్యం పెద్దలా గొంతు బొంగురు చేసుకుని దగ్గింది.

*

బయ్యన్న అరుగు మీద ఉన్నాడు. పార పిడి ఎప్పుడో బిగిసింది. అయినా ఒళ్ళోనే ఉంది. భార్య సంచి ఎట్లా పోయిందో అట్లే రావడం చూశాడు.

"ఇచ్చినారా?"

"ఇయ్యల్యా."

"చెప్తి గదా. చెప్తి గదా నేను. వాళ్ళ బుద్ధి అంతే. భాగంలో ఒక గరిటె తక్కువైనా ఒప్పుకోనోళ్ళు. పోయే ముందర గూడా..." ఆయన చాలాసేపు అన్నాడు. బోరు వచ్చింది, గట్టు వచ్చింది, ఎద్దు వచ్చింది. ఆమె కుండలోంచి నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుంది. సంచిలోని బిళ్ళలను ఒక్కొక్కటిగా తీసి, చీర ముక్కల్లో మళ్ళీ చుట్టి, రేకు పెట్టెలో సర్దింది. ఉడుమును మాత్రం అన్నిటికంటే పైన పెట్టింది.

"నీళ్ళన్నా ఇచ్చినారా?" అన్నాడు బయ్యన్న, కేకలు వేసి అలిసిపోయాక.

"మజ్జిగ ఇచ్చింది."

"తాగినావా?"

"తాగినా."

 ఆయన పార గోడకు ఆనించాడు. వెంకటలక్ష్మమ్మ అరుగు కింది మెట్టు మీద కూర్చుని, చేట ఒళ్ళోకి లాక్కుంది. కాయ మూతి నేలకు ఒత్తింది. రెండు మూడు కాయలు ఒలిచాక అడిగింది.

"తనకల్లుకు పోవాలంటే బస్సు యాడాడ మారల్ల?"

బయ్యన్న ఆమె వైపు చూడలేదు. వీధి చివర, తమ్ముడి ఇంటి ముందు పడి ఉన్న మంచం కోళ్ళ వైపు చూస్తున్నాడు.  ఆమె ఇంకో కాయ అందుకుంది.

"అనంతపురంలో కదిరి బస్సు" అన్నాడు ఆయన. "కదిరిలో దిగి మదనపల్లె బస్సెక్కల్ల. తనకల్లులో నిలుస్తాది." వీధి చివరి నుంచి చూపు తిప్పాడు. "సురేంద్రకు పిల్లను చూసేదానికి ఆ బస్సులోనే పోయినాం గదా, నేనూ వాడూ. కుడి పక్క కూచో. ఎడమ పక్క ఎండ కొడతాది."